ఆర్లన్‌కు కడుపు మండాలి

నార్డ్‌బీ హైస్కూలు, మిన్నెసోటా
సెప్టెంబరు 11, 1978

సోల్వెగ్ బ్రాటెన్ అమ్మగారికి,

మీ అబ్బాయి ఆర్లన్‌కు ఫుట్‌బాల్ నేర్పుతున్న డోయల్ ప్రేథర్ నమస్కరించి రాస్తున్నాను. ఫోన్ చేద్దామనుకున్నాను గాని, మీ వైపు ఆరిళ్ళకూ ఒకటే లైననీ, ఎవరింట్లో మోగినా ఆరుగురూ వింటారనీ చెప్పారు. అందుకే ఉత్తరం రాసి వాడి చేతికే ఇచ్చాను.

రెండు ఆటలూ ఓడిపోయాం. లోపమంతా మన పాస్ రష్‌లో ఉంది. అవతలి జట్టులో చేత్తో బంతి విసిరే కుర్రాడు ఒకడుంటాడు కదా, అడ్డం నిలబడ్డవాళ్ళను తోసుకుని వెళ్ళి, వాడు విసిరేలోపే పడగొట్టాలి. అదీ పని. ఆదివారమంతా ఆట ఫిల్ము తిప్పి తిప్పి చూశాను. మీవాడు అందరికంటే ముందు చేరుతున్నాడు. చేరి, ఆగిపోతున్నాడు. రైలు తప్పిపోయినవాడిలా నిలబడి, బంతి ఎగిరిపోతుంటే చూస్తున్నాడు.

దూడను భుజాన వేసుకుని నడుస్తుంటే చూసి నేనే వాణ్ణి పిలిచి జట్టులో వేసుకున్నాను. బలముంది, వేగముంది. ఆకలి ఒక్కటే లేదు. ఇంట్లో మీరు కాస్త చూడాలి. నన్ను టెక్సస్ నుంచి ఈ ఒక్క ఏడాదికే తెచ్చుకున్నారు. నాలుగో ఆట అయ్యాక స్కూలు బోర్డు కూర్చుని నా సంగతి తేలుస్తుందట.

మీ సాయం కోరే,
డోయల్ ప్రేథర్

తా.క.: వాడు అవతలి కుర్రాడితో ఏదో మాట్లాడుతున్నాడు కూడా. ఫిల్ములో మాట వినపడదు.

బ్రాటెన్ వారి డెయిరీ
సెప్టెంబరు 12

కోచ్ గారికి,

మీ ఉత్తరం చదివాక నాకు ముద్ద దిగలేదు. మావాడికి ఆకలి లేదా? పొద్దున పాలు పితికి రాగానే అరడజను గుడ్లు తింటాడు. బ్రాటెన్ వారింట్లో తిండి చాలడం లేదన్న మాట ఈ ఊళ్ళో ఇదే మొదటిసారి పుట్టింది. అయినా తల్లి మనసు ఊరుకోదు కదా, ఆముదం పట్టించాను. మీ జట్టులో మిగతా పిల్లలూ ఇలాగే ఉన్నారేమోనని, మాంసమూ బంగాళాదుంపలూ కలిపి కాల్చిన పళ్ళేలు నాలుగు పంపుతున్నాను. పళ్ళేలు తిరిగి పంపండి, అవి చర్చివి.

ఇట్లు, తిండి పెట్టడం తెలిసిన,
సోల్వెగ్ బ్రాటెన్

తా.క.: ఏం మాట్లాడావురా అని అడిగాను. "మీ వైపు గడ్డి కోతలు అయ్యాయా" అని అడిగాడట. ముక్కూ మొహం తెలియనివాడి దగ్గరికి పోయి, పలకరించకుండా నిలబడటం మా ఇంటా వంటా లేదు.

నార్డ్‌బీ హైస్కూలు
సెప్టెంబరు 13

అమ్మగారికి,

పళ్ళేలు ఖాళీ అయ్యాయి. తిన్నాక జట్టులో ఒక్కడూ నడుం వంచలేకపోయాడు.

నేను చెప్పిన ఆకలి తిండిది కాదండీ. ఎలా చెప్పను? అవతలివాణ్ణి చూడగానే మీవాడికి కడుపు మండాలి. భగ్గున మండిపోవాలి. శుక్రవారం ఆటకు ముందు ఆ మంట పెట్టే పూచీ మీదే.

మీమీదే ఆశ పెట్టుకున్న,
డోయల్ ప్రేథర్

తా.క.: ఆముదం సంగతి ముందే చెప్పి ఉండాల్సింది. నిన్న సాయంత్రం వాడు పరుగెత్తిన తీరు చూసి ఎంతో సంబరపడ్డాను. మళ్ళీ తిరిగి రాలేదు.

బ్రాటెన్ వారి డెయిరీ
సెప్టెంబరు 16

కోచ్ గారికి,

మీ టెక్సస్ పద్ధతులు నాకు తెలియవు. మా ఇంట్లో మిరియాల డబ్బా ఒకటి కొంటే ఏళ్ళకేళ్ళు వస్తుంది. అయినా పూచీ నాదన్నారు కాబట్టి, పెరట్లో ఘాటు ముల్లంగి తవ్వి, తురిమి, ఆవముద్ద కలిపి, శుక్రవారం మధ్యాహ్నానికి రొట్టెల మధ్య దట్టించి పంపాను. నిన్న ఆవు ఈనడంతో ఆటకు రాలేకపోయాను. మండిందా?

ఇట్లు, చెప్పింది చెప్పినట్టు చేసిన,
సోల్వెగ్ బ్రాటెన్

తా.క.: మా ఆయన హారల్డ్ చూసుకోకుండా ఒక రొట్టె తిన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట అంత పొడుగు మాట నేను వినలేదు.

నార్డ్‌బీ హైస్కూలు
సెప్టెంబరు 18

అమ్మగారికి,

మండింది. మూడోదీ ఓడిపోయాం. ఎప్పటిలాగే మీవాడు అందరికంటే ముందు చేరాడు, కళ్ళవెంట ధారలు కారుస్తూ. బంతి విసిరే కుర్రాడు జాలిపడి, ఆట ఆపించి, వీడికి మంచినీళ్ళు తెప్పించాడు. వాళ్ళ కోచ్ నా దగ్గరికి వచ్చి, "వాళ్ళింట్లో ఎవరు పోయారు?" అని మెల్లగా అడిగాడు.

పెట్టెలు సర్దుకుంటున్నాను. నేనేమడిగినా వాడు "సరేనండి" అంటాడు, అంతే. మీరైనా వాణ్ణే నేరుగా అడిగి చూడండి.

ఓపిక అయిపోయిన,
డోయల్ ప్రేథర్

తా.క.: మీ మీద నాకు కోపం లేదు. వాడి డబ్బాలో మిగిలిన ముక్క నేను తిన్నాను. ఈ ఊరొచ్చాక నాలుకకు తగిలిన రుచి అదొక్కటే. ఇంకాస్త ఉంటే పంపగలరు.

బ్రాటెన్ వారి డెయిరీ
సెప్టెంబరు 23

నాయనా డోయల్,

నిన్న తెల్లవారుజామున పాలు పితుకుతూ వాణ్ణే అడిగాను.

"ఒరే, ఆ కుర్రాడి దాకా పోయి ఎందుకు ఆగుతావురా?"

"ముట్టుకోకూడదుగా అమ్మా."

"ఎవరు చెప్పారు?"

"కోచ్ గారే. ప్రాక్టీసులో మొదటిరోజే చెప్పారు. బంతి విసిరేవాడి మీద చెయ్యి పడిందో, చీకటిపడేదాకా మైదానం చుట్టూ పరుగెత్తిస్తానని."

"అది మన జట్టువాడి గురించి కదరా. ఉన్న ఒక్కడికీ దెబ్బ తగలకూడదని."

"విసిరేవాడు ఎక్కడైనా విసిరేవాడేగా."

"మరి ఆటలో 'పట్టుకో, పట్టుకో' అని ఆయన గొంతు చించుకుంటారట కదా?"

"బంతినేమో అనుకున్నాను. అది వెళ్ళిపోయాక ఏం పట్టుకోను?"

మరి ఆ మాట ఆయన్నే అడగవచ్చుగా అన్నాను. పెద్దవాళ్ళు ఒకసారి చెప్పాక మళ్ళీ అడగడం మర్యాద కాదన్నాడు. ఆ మర్యాద నేర్పింది నేనే, ఇంకేమంటాను? పరాయి జట్టువాణ్ణి పడేయొచ్చురా అని చెప్పాను. పితకడం ఆపి, ఆవు వెనక్కి తిరిగి చూసేంతసేపు ఆలోచించాడు. "అయితే పని సులువే" అన్నాడు.

ఆ తర్వాత జరిగింది మీరూ చూశారు. నేను ఫుట్‌బాల్ చూడటం నిన్ననే మొదలు. మావాడు మొదటిసారి ఆ కుర్రాణ్ణి గడ్డిమోపులా నేలమీద పెట్టినప్పుడు నేను లేచి నిలబడి ఏదో అన్నానట. హారల్డ్ నన్ను ఎరగనట్టు అవతలికి జరిగాడు. గెలిచాక, నా వెనక కూర్చున్న బోర్డు పెద్ద గుస్టాడ్ గారు టోపీ సర్దుకుని, "ఈ టెక్సస్ మనిషి ఫర్వాలేదు" అన్నారు. ఈ ఊళ్ళో అంతకు మించిన మెప్పు పెళ్ళికీ లేదు, చావుకీ లేదు. పెట్టెలు విప్పుకో నాయనా. ఆదివారం భోజనానికి రా.

ఇట్లు, నీ మేలు కోరే,
సోల్వెగ్ బ్రాటెన్

తా.క.: మావాడు ఆ కుర్రాణ్ణి మూడుసార్లు పడగొట్టాడు. నాలుగోసారి వీడు వస్తుండటం చూసి, ఆ కుర్రాడు బంతి ఒళ్ళో పెట్టుకుని తనంతట తానే కూర్చున్నాడు. అది కూడా లెక్కలోకి వస్తుందా? ఆర్లన్ అడుగుతున్నాడు.