డ్రైవ్‌లో ఇరుక్కున్న డిస్క్

చిట్టి వాళ్ళమ్మకు,

ఇక్కడ నేనూ పెద్దాడూ బాగానే ఉన్నాం. ఆసుపత్రిలో మీరిద్దరూ ఎలా ఉన్నారోనని ప్రాణం అక్కడే కొట్టుకుంటోంది. నువ్వడిగావు కాబట్టి ముందు చెప్తున్నాను, పెద్దాడి దగ్గు తగ్గింది. నా వంటను తిట్టుకుంటూనే వేళకు తింటున్నాడు.

చిట్టి పాత స్కాన్ డిస్క్ ఈ కవర్లోనే ఉంది. రేపు డాక్టరు వచ్చేలోగా నీకు అందాలని బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

పంపేముందు తెరుచుకుంటుందో లేదో చూద్దామని దాన్ని కంప్యూటర్‌లో పెట్టాను. గర్రుమని తిరిగి, టక్కున ఆగింది. బటన్ నొక్కితే బయటికి రాదు. చిన్న బెజ్జంలో పిన్ను గుచ్చమన్నాడు పెద్దాడు. గుచ్చితే అర అంగుళం వచ్చి మొరాయించింది. ఇన్ని మిక్సీలు బాగుచేసినవాణ్ణి, ఈ డబ్బా నాకో లెక్కా అని స్క్రూడ్రైవర్ పెట్టి లాగాను. లోపల ఫట్‌మంది.

రోజుకో రకంగా కుస్తీ పట్టి, చివరికి ఈ ఉదయం కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయి దగ్గరికి మోసుకెళ్ళాను.

"బాబాయిగారూ, డిస్క్ మీద కాగితం అంటించిందెవరు?" అంది, డ్రైవ్ విప్పి.

ఇంకెవరు! రిపేరుకని మన కొట్టుకి వచ్చిన ప్రతి సామానుకీ పేరు రాసి అంటించినట్టే దానికీ అంటించాను. వేడికి అది ఊడి, లోపల చుట్టుకుపోయింది. డ్రైవ్ ఇక పనికిరాదని కొత్తది బిగించి, డిస్క్ తుడిచి పెట్టింది. ఒక్కో బొమ్మా తెరుచుకుంటుంటే పక్కనే నిలబడి చూశాను. నా స్క్రూడ్రైవర్ గీత పడ్డచోట మూడు బొమ్మలు మాత్రం రాలేదు. అవి డాక్టరుకు అక్కర్లేనివైతే సరే. కావాలంటే మాత్రం చిట్టికి మళ్ళీ మత్తుసూది ఇచ్చి కొత్త స్కాన్ తీస్తారు.

ఇక అసలు సంగతి. ఫోన్లో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. డిస్క్ కనబడటం లేదని నీతో అబద్ధమాడాను. వారం రోజులుగా అది ఆ డబ్బాలోనే ఉంది. "నేనే ఎక్కడో పారేసుంటాను, పాడు మతిమరుపు" అని నువ్వు ఏడుస్తుంటే ఊఁ కొట్టాను. పైగా "సరేలే, జరిగిందేదో జరిగింది" అని నిన్ను క్షమించినట్టు మాట్లాడాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. నువ్వే పోగొట్టావని చిట్టి నీతో మాటలు మానేసిందని ఉత్తరంలో రాశావు. అది చదివాక నాకు ముద్ద దిగలేదు.

ముందు ఈ ఉత్తరం చిట్టికి చదివి వినిపించు. ఒక్క ముక్క కూడా దాచకు. రేపు ఆ సూది తప్పకపోతే, అది నన్ను తిట్టుకుంటూ నీ చెయ్యి పట్టుకోవాలి.

ఇట్లు,
తప్పంతా తనదే అయిన
చిట్టి వాళ్ళ నాన్న