ఒకటో నంబరు చొక్కా ఎవరికి

నంబర్లమ్మ అని అందరూ పిలిచే నేను, ఫౌండ్రీ పనివాళ్ళ ఫుట్‌బాల్ క్లబ్బుకి నలభై ఒక్క ఏళ్ళు బట్టలు ఉతికి, చొక్కాల వెనక అంకెలు కుట్టినదాన్ని, కాలం చేసిన కోచ్ గారి భార్యను, వయసు ఎనభై మూడు, నా తెలివి నా దగ్గరే ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, ఎవరు బతిమాలినా వినకుండా రాయించిన వీలునామా ఇది. కళ్ళు మసకే గాని సూదిలో దారం ఇప్పటికీ నేనే ఎక్కించుకుంటాను. నిన్న డాక్టరు గారు వచ్చి ఇవాళ ఏ వారం అని పరీక్ష పెట్టారు. బుధవారం అన్నాను, మీ చొక్కా రెండో బొత్తాం ఊడబోతోంది అని కూడా అన్నాను. సర్టిఫికెట్ రాసిచ్చారు. దీనికి జతపరిచాం.

నాకు అక్షరాలు రావు. ఒకటి నుంచి పదమూడు దాకా అంకెలు వస్తాయి, అవి కూడా గుడ్డలో కత్తిరించే ఆకారాలుగానే. రాస్తున్నది దస్తావేజు లేఖరి గారు. ఇలా రాస్తే బాగుండదమ్మా అని ఇప్పటికే రెండుసార్లు ఆగారు. బాగుండడానికి కాదు, ఉన్నదున్నట్టు రాయండి అన్నాను.

1. ఇంతకుముందు నేను వేలిముద్ర వేసిన కాగితాలన్నీ రద్దు. ముఖ్యంగా రెండేళ్ళ కిందట నేను జ్వరంతో పడి ఉన్నప్పుడు మా అబ్బాయి, అంటే ఇప్పటి క్లబ్బు ప్రెసిడెంటు, పింఛను కాగితం అని చెప్పి వేయించుకున్నది. ఆ వారంలోనే గోడౌన్లు కట్టడానికని గొలుసు పట్టుకుని, నా పేరనున్న క్లబ్బు మైదానం కొలిచే మనుషులు దిగారు. పింఛనుకీ మైదానానికీ ఏం చుట్టరికమో తెలుసుకోవడానికి అక్షరాలు రానక్కర్లేదు.

2. దీన్ని అమలుపరిచే బాధ్యత రిటైరైన రిఫరీ గారికి అప్పగిస్తున్నాను. ఇరవై ఏళ్ళలో మా జట్టుకి ఒక్క పెనాల్టీ ఇచ్చిన పాపాన పోలేదు. గీత దాటి లోపలికొచ్చి తిట్టినందుకు నన్ను తువ్వాళ్ళ బుట్టతో సహా బయటికి పంపించారు. మాకు మొహమాటపడని మనిషి ఈయనొక్కడే కనిపించాడు. ఇంకో కారణం కూడా ఉంది. అది ఏడో అంశంలో వస్తుంది.

3. క్లబ్బుకి యాభై ఏళ్ళు నిండాయని మా అబ్బాయి నున్నటి కాగితం మీద పుస్తకం వేయించాడు. అందులో మన క్లబ్బు సంపాదించిన మేటి ఆటగాళ్ళు అని పదిమంది పేర్లు. కోడలు చదువుతుంటే ఒక్కో పేరుకి ఒక్కో వేలు ముడిచాను. పది వేళ్ళూ అయిపోయాయి, మా పాత గోల్‌కీపరు, ఆ బావులు తవ్వేవాడి పేరు రాలేదు. మళ్ళీ చదవమన్నాను. మూడోసారికి పిల్ల పుస్తకం మూసేసి, లేరు అత్తయ్యా అంది. ఆ పదిమందిలో మా అబ్బాయి ఉన్నాడు. వాడు మొత్తం పదకొండు ఆటలు ఆడాడు, అందులో తొమ్మిది బెంచీ మీద ఆడాడు. అంచేత నా జాబితా నేను రాయిస్తున్నాను.

మా క్లబ్బులో ఆటగాణ్ణి చేర్చుకునే పద్ధతి వేరు. ఏటా కొత్త అంకెలు అచ్చువేయించే స్తోమత లేదు. పోయినవాడి చొక్కా మీది అంకె కుట్లు విప్పి, వచ్చినవాడి చొక్కాకి కుట్టేదాన్ని. వాడు తొడుక్కుని నిలబడాలి, ఒంటి మీదే కుట్టాలి, లేకపోతే అంకె వంకరపోతుంది. చివర దారం పంటితో కొరికేదాన్ని. ఆఫీసు గదిలో సంతకం పెడితే సగం చేరినట్టు, నేను దారం కొరికితే పూర్తిగా చేరినట్టు. కుట్టేటప్పుడు కదిలేవాడు ఆటలో నిలవడు, ఇది నా కొలత. మా అబ్బాయి ఒక్కడి దగ్గరే తప్పింది. కుడుతుంటే రాయిలా నిలబడ్డాడు. ఆటలోనూ రాయిలాగే నిలబడ్డాడు.

4. ఏడో నంబరు, బస్సు కండక్టరు. డ్యూటీ దిగి టికెట్ల సంచీ భుజానుండగానే వచ్చేవాడు. గోలు కొట్టినప్పుడల్లా బస్సు ఆపినట్టు ఈల వేసేవాడు. సందు లేని చోట మనుషుల మధ్య నుంచి దూరిపోవడం వాడికి నేర్పక్కర్లేదు, అది వాడి ఉద్యోగమే. పెద్ద క్లబ్బువాళ్ళు పిలవగానే చెప్పాపెట్టకుండా పోయాడు, అంకె విప్పించుకోకుండా చొక్కాతో సహా పోయాడు. ఆ ఏడు నాకు తిరిగి రావాలి. ఇస్తే నా ఇస్త్రీ పెట్టె వాడిది. ఇవ్వకపోతే నా తిట్లు వాడివి, అవి ఎప్పుడో దఖలు చేశాను.

5. తొమ్మిదో నంబరు, చెవులు వినపడని వడ్రంగి. రిఫరీ ఈల వినపడక, ఆట ఆగాక కూడా ఒక్కడే పరిగెత్తి గోలు కొట్టి చేతులెత్తేవాడు. జనం పడీపడీ నవ్వేవారు. అది చూడలేక నేను గీత పక్కన నిలబడి, ఈల పడగానే తెల్ల తువ్వాలు ఊపడం మొదలుపెట్టాను. పదకొండేళ్ళు అలాగే. ఎంత పరుగులో ఉన్నా వాడి ఓ కన్ను నా మీదే. కట్టుకున్నవాడు కూడా నన్ను అంత చూడలేదు. ఆ తువ్వాలు వడ్రంగికి. నన్ను ఇంట్లోంచి తీసుకెళ్ళేటప్పుడు వాడు దాన్ని ఊపాలి, ఆట ఆగిందని.

6. ఒకటో నంబరు, బావులు తవ్వేవాడు. క్లబ్బు సంపాదించినవాళ్ళలో అందరికన్నా మేటి ఇతనే, తక్కినవాళ్ళంతా ఇతని వెనక. మైదానం మూల నీళ్ళకోసం బావి తవ్వడానికి కూలికి వచ్చాడు. ఒళ్ళంతా మట్టితో గట్టున కూర్చుని ఉంటే, బంతి తుపాకీ గుండులా అతని మొహం మీదికి పోయింది. దండెం మీది గుడ్డ తీసినట్టు ఒక్క చేత్తో తీశాడు. మా ఆయన పేరు అడగడానికి పరిగెత్తి జారిపడ్డాడు. చొక్కాకి అంకె కుడుతుంటే ఊపిరి కూడా బిగపట్టి నిలబడ్డాడు, సూదికి అడ్డమొస్తానని. నాలుగేళ్ళలో పదిహేడు పెనాల్టీలు ఆపాడు. ఆట అయ్యాక ఉతికే గదికి వచ్చి నాతోపాటు చొక్కాలు పిండేవాడు. అతను పిండితే ఇక దండెం మీద వేసేది మర్యాదకే. ఆటగాళ్ళలో మరొకడు ఆ గది గుమ్మం తొక్కలేదు.

7. ఇప్పుడు రాయించేది ఆస్తి కాదు, అయినా దీనికోసమే ఈ కాగితం.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి సంగతి. గెలిస్తే పై లీగుకి వెళ్ళే ఆట. దానికి రెండు రోజుల ముందు ఇనప గోలు స్తంభం గుంటలో నిలబెడుతున్నారు. పైన తాడు మా ఆయన పట్టుకున్నాడు, కింద మొదలు ఆ బావులు తవ్వేవాడు పట్టుకున్నాడు. మా ఆయన తాడు వదిలాడు. జారిందన్నాడు. జారిందో, ఎవరో పిలిస్తే అటు తిరిగాడో, నేను చూడలేదు. అతని కుడిచేయి స్తంభానికీ రాయికీ మధ్య పడింది. మూడు వేళ్ళు విరిగాయి.

రెండో కీపరు లేడు. ఈ ఒక్క ఆట ఆడు, అయ్యాక జరిగింది నేనే అందరికీ చెప్తాను అన్నాడు మా ఆయన. అతను నా వైపు చూశాడు. నేను కత్తెర వెతుక్కుంటున్నాను. వాచిన చేయి గ్లవ్‌లో పట్టలేదు. పక్క కుట్టు కత్తిరించి, చేయి లోపల పెట్టించి, ఆ చేతి మీదే మళ్ళీ కుట్టాను. అతను కదల్లేదు. దారం కొరికాను.

మొదటి గోలు అతని వేళ్ళ సందులోంచి పోయింది. రెండోది చంటిపిల్ల ఆపే బంతి. జనం లేచి అమ్ముడుపోయాడు, అమ్ముడుపోయాడు అని అరిచారు. ముందు అన్న నోరు ఎవరిదో నాకు తెలుసు. మా మరిదిది, అప్పటి సెక్రటరీది. మర్నాడు క్లబ్బు గదిలో ఆటగాళ్ళ పేర్లు రాసే పలక మీద ఏడో వరుసలో ఉన్న అతని పేరు గీకేశారు. మా ఆయన నోరు విప్పలేదు. విరిగిన చేత్తో మనిషిని ఆడించాడంటే కోచ్ పరువు పోతుందట.

రిఫరీ గారూ, ఆటకి ముందు మీరు చేయి కలిపితే అతను పళ్ళు బిగించాడు. మీరు గ్లవ్ చూశారు, కొత్త దారం చూశారు, గీత పక్కనున్న నన్ను చూశారు. అడగలేదు. అందుకే ఈ పని మీ నెత్తిన పెట్టాను.

ఆ సాయంత్రం ఉతికే గదిలో ఆ కుట్లు నేనే కోశాను. లోపల వేళ్ళు ఏ రంగులో ఉన్నాయో రాయించను. నొప్పెట్టిందా నాయనా అని అడిగితే, బాగా కుట్టారమ్మా, ఒక్క కుట్టూ ఊడలేదు అన్నాడు. మా ఆయన చెప్తానన్నాడు కదా అని అతను ఇంట్లో కూడా చెప్పుకోకుండా ఎదురుచూశాడు.

ఆ వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. అతనిది తాడు పట్టుకుని దిగే పని. కొన్ని నెలలకి అతని భార్య నాలుగేళ్ళ కూతుర్ని చంకనేసుకుని మా గుమ్మంలోకి వచ్చింది. అమ్మా, మీరైనా చెప్పండి, ఆయన నిజంగా అమ్ముడుపోయాడా, నాతో కూడా మాట్లాడడు అని అడిగింది. నాకేం తెలుసమ్మా, బట్టలుతుక్కునేదాన్ని అన్నాను. తర్వాతి నెలలో అతను నలభై అడుగుల బావిలోకి తాడు జారి పడి ప్రాణం వదిలాడు. నేను ఉతకని మరకంటూ లేదు, ఆ మాట ఒక్కటే ఏ సబ్బుకీ వదల్లేదు.

8. మా నాన్న నా పేర రాసిచ్చిన రెండెకరాల మైదానానికి హద్దులు: తూర్పు ఫౌండ్రీ గోడ, దక్షిణం రోడ్డు, పడమర సైకిల్ స్టాండు, ఉత్తరం అతను తవ్విన బావి. ఆ బావితో, ఉతికే గదితో సహా ఇది నా తదనంతరం సర్వహక్కులతో అతని కూతురికి చెందాలి. ఆమె ఇప్పుడు బావి మోటార్లు బాగుచేస్తుంది. గోలుకి పాతిన ఆ రెండు ఇనప స్తంభాలూ ఆమెవే, తూకానికి అమ్ముకున్నా సరే.

అమ్మాయీ, నువ్వు మా గుమ్మంలోకి వచ్చిన తర్వాత మళ్ళీ ఒక్కసారే నిన్ను చూశాను. మైదానం మోటారు ఆగిపోతే వచ్చావు. బావిలోకి దిగి బాగుచేసి, ఆ నీళ్ళతో చేతులు కూడా కడుక్కోకుండా వెళ్ళిపోయావు. ఆ చేతులు ఎవరివో నాకు చెప్పక్కర్లేదు. నన్ను క్షమించమని అడగను, అది నీకు ఇంకో పని పెట్టడం అవుతుంది. ఆడనిస్తే ఆడనివ్వు, దున్నుకుంటే దున్నుకో, గోడ కట్టి తాళం వేసుకుంటే అదీ న్యాయమే.

ఒకటో అంకె గుడ్డ, ఆ గ్లవ్స్ జత నా పెట్టె అడుగున ఉన్నాయి. అవి కూడా నీవి. మీ నాన్న తర్వాత వచ్చిన కీపర్లందరికీ దుప్పటి చించి వేరే ఒకటి కుట్టాను. ఇది ఎవరి వీపు మీదా ఎక్కలేదు.

9. మా అబ్బాయికి నేనుంటున్న ఇల్లు. కాని ఒక షరతు. నేను పోయాక క్లబ్బు ఆడే మొదటి ఆట రోజు, జనమంతా కూర్చున్నాక, మైదానం నడిమధ్య సున్నంతో గీసిన వలయంలో నిలబడి, ఏడో అంశం మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా గట్టిగా చదవాలి. తర్వాత పలక మీద ఏడో వరుసలో గీకేసిన ఆ పేరు సొంత చేత్తో రాయాలి. చదివేటప్పుడు కదలకూడదు. కదలకుండా నిలబడడం వాడికి వచ్చు. చదవకపోతే ఇల్లు కోడలిది, వాడు ఆమెకి అద్దె కట్టుకుంటూ ఉంటాడు.

10. కోడలికి నా కుట్టుమిషను, నా పెద్ద కత్తెర. మూడుసార్లు చదివి, లేరు అత్తయ్యా అని నిజం చెప్పింది ఈ ఇంట్లో నువ్వొక్కదానివే.

11. మా ఆయన పోయే ముందు, ఆ సంగతి బయటపెట్టనని నా చేత మాట తీసుకున్నాడు. ఆయన దగ్గరనుంచి నాకు వచ్చిన ఆస్తి అదొక్కటే. దాన్ని ఎవరికీ రాయను. ఆయనకే తిరిగి ఇచ్చేస్తున్నాను.

లేఖరి గారు మొత్తం రెండుసార్లు చదివి వినిపించారు, నేను విని ఒప్పుకున్నాను. ఎడమ బొటనవేలు ముద్ర ఒక్కటి చాలన్నారు. అది సూది పట్టని చేయి. కుడిచేతి వేళ్ళు అయిదూ వేయించుకోండి అన్నాను, కుట్టింది ఇదే. సబ్బునీళ్ళకి గీతలు అరిగిపోయి మూడు వేళ్ళ ముద్రలు పడలేదు. మళ్ళీ సిరా పూస్తామన్నారు. వద్దు, అలాగే ఉండనివ్వండి అన్నాను.

తేది: నవంబరు పద్నాలుగు, రెండు వేల పంతొమ్మిది, గురువారం పగలు.

నంబర్లమ్మ కుడిచేతి వేలిముద్రలు: రెండు పడినవి, మూడు పడనివి.

సాక్షులు:
సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరు గారు (బొత్తాం నేను కుట్టిపెట్టాకే సంతకం చేశారు)
మైదానం గేటు దగ్గర సైకిళ్ళు కాచే పెద్దాయన (ఆ రోజు ఆటకి వచ్చినవాడు, జనంతోపాటు అరిచినవాడు, ఇవాళ ఇది విని సంతకం చేసినవాడు)