వీల్ స్లిప్

17 జూన్ 1992, బుధవారం

మామయ్య ఈ రోజు గుమ్మం దాటాడు. నాలుగు నెలల తర్వాత.

కారణం నా బుక్‌మార్కు. నేను పనిచేసే లైబ్రరీలో నా బల్ల మీద ఎవరో వదిలిన హిందీ కరపత్రాన్ని పుస్తకంలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఈ హిందీ ఊళ్ళోని బొగ్గు గనుల ఆఫీసర్లూ బ్యాంకు వాళ్ళూ కలిసి ఒక మోటార్ క్లబ్ పెట్టుకున్నారు. జూలై 26న బిల్హా రోడ్డు పక్క మైదానంలో పోటీ. ఎంత పాత కారైనా సరే. తారు డ్రమ్ముల మధ్య, బురదలో, ఒక్కో కారునీ విడిగా నడిపిస్తారు. మలుపుల్లో కారు వెనక భాగం జారుతూ తిరగాలి, తిరగబడకూడదు.

మామయ్య దాన్ని ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదివాడు. చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అత్త అట్లకాడతో గుమ్మంలోకి వచ్చి, ఏటే మీనాక్షీ, ఆ కాయితంలో ఏటుందే, నాలుగు నెల్లనించి నాను లెగమంటే లెగని మనిషి, అంది.

మామయ్య ఇరవై రెండేళ్ళు గూడ్స్ రైలు డ్రైవరు. ఫిబ్రవరిలో మెడికల్ పరీక్షలో కుడి కన్ను ఫెయిలైంది. ఇక ఇంజిను ఎక్కకూడదు. బదులుగా కర్గీ రోడ్ స్టేషను గూడ్స్ ఆఫీసులో డ్యూటీ ఇచ్చారు. ఆగస్టు 3 లోపు చేరాలి. ఆ ఆర్డరు బీరువాలో అత్త చీరల కింద ఉంది. కుర్చీ డ్యూటీకి చచ్చినా వెళ్ళనని ఒక్కసారి చెప్పి మంచమెక్కాడు. అంతే.

అమ్మా నాన్నా పోయాక నన్ను తెచ్చుకుంది వీళ్ళిద్దరే. కాన్వెంటులో వేసింది ఆయనే. ఆ కరపత్రం వదిలిన మనిషెవరో తెలిస్తే దండం పెడతాను.

19 జూన్, శుక్రవారం

కారు వచ్చింది. ఫియట్. ఆరేళ్ళుగా అందులో కోళ్ళు కాపురముంటున్నాయి. అప్పలస్వామి మామ తోడల్లుడిది. ఆయనకి కొత్త కోళ్ళగూడు కట్టించి ఇస్తే చాలట.

అప్పలస్వామి మామ రైలు వేగన్లు బాగుచేసే షాపులో వెల్డరు. మామయ్యకి ఉన్న ఒక్క స్నేహితుడు. కారులోంచి ఈకలు ఊడుస్తూ, బావా, ఇంజిను బాగుంది, గుడ్లు కూడా దొరికేయి, అన్నాడు.

మామయ్య నా వైపు తిరిగి, తోలేది నువ్వే, అన్నాడు. తన కంటితో తోలకూడదట.

నాకు లైసెన్సు ఉంది. రెండేళ్ళ కిందట టైపింగుతో పాటు అదీ నేర్చుకోమని ఆయనే పంపాడు. ఆ తర్వాత దాని మొహం చూసింది పెట్టెలోని బొద్దింకలే. నా వల్ల కాదని చెప్పాననే అనుకున్నాను. నోట్లోంచి మాట వచ్చినట్టు లేదు. మామయ్య సరే అన్నట్టు తీసుకున్నాడు.

21 జూన్, ఆదివారం

లైబ్రరీలో అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. పేరు తెలియదు. ఎవరో దొర వదిలి వెళ్ళినట్టుంది. కారుని జార్చడం మీద ఒక చాప్టరు. డ్రిఫ్ట్ అంటాడు. పడవ ప్రవాహంలో పక్కకి పోయినట్టు.

మామయ్యా అప్పలస్వామి మామా నా పుస్తకం కోసం ఆగలేదు. వెనక ఇరుసు విప్పి చూశారు. మలుపులో లోపలి చక్రం ఒక వేగంతో, బయటి చక్రం ఇంకో వేగంతో తిరగడానికి మధ్యలో పళ్ళచక్రాలు ఉంటాయి. అది చూసి అప్పలస్వామి మామకి నవ్వొచ్చింది. ఏటి బావా ఇది, ఒకే ఇంట్లో అన్నదమ్ములు సెరో దారీనా, మన వేగన్లకి ఇరుసు ఒకే ముక్క కాదేటి, అన్నాడు. పళ్ళచక్రాలన్నిటినీ కలిపి వెల్డింగు చేసేశాడు.

సాయంత్రం నేను నడిపాను. కుదుదండ్ పేట మలుపులో కారు కుంటుతూ, కీచుమంటూ తిరిగింది. పాన్ కొట్టు దగ్గర అందరూ లేచి నిలబడ్డారు. అత్త వెనక సీట్లో కొంగు మొహాన కప్పుకుని, దింపేయండి బాబూ, నాను నడిసొస్తాను, అంది. అప్పలస్వామి మామ మొహం వాడిపోయింది. పాడుచేసేసినాను బావా అన్నాడు.

పాడు కాలేదని పుస్తకంలో ఉంది. జారడానికి రెండు చక్రాలూ కలిసి తిరగాలి. డబ్బు లేనివాళ్ళు ఇలాగే చేస్తారట. మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి మామయ్యకి వినిపించింది. అప్పలస్వామి మామ నాకు సెల్యూట్ చేశాడు.

25 జూన్, గురువారం

వెనక సీటు తీసేశారు, బరువు తగ్గడానికి. అత్త దాన్ని వరండాలో వేసుకుని బియ్యం ఏరుతోంది. ఇంత మెత్తటి సోఫా ఈ కాలనీలో ఎవరికీ లేదంటోంది. వెనక అరిగిపోయిన టైర్లు, గాలి గట్టిగా. మంచివి రెండూ ముందుకి. స్టీరింగు చిలుం దులిపి బిగించారు. లారీల మీద సరుకు కట్టే పట్టీలతో బెల్టులు కుట్టించారు. స్కూటరు హెల్మెట్లు రెండు పక్క క్వార్టరు వాళ్ళు ఇచ్చారు.

మామయ్య రెండు పూటలా అన్నం తింటున్నాడు.

28 జూన్, ఆదివారం

బిల్హాలో రైస్ మిల్లు వెనక ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్ళం ఉంది. వానాకాలం ఖాళీ. వాన పడితే అద్దంలా జారుతుంది. మిల్లు సేఠ్‌కి మామయ్య తెలుసు. మధ్యలో నాలుగు డబ్బాలు పెట్టి మొదలుపెట్టాం.

మామయ్య పక్క సీట్లోంచి చెప్తాడు. రైలింజిను చక్రం పట్టు తప్పి ఊరికే తిరిగితే వీల్ స్లిప్ అంటారట. అప్పుడు డ్రైవరు చేసేది ఒకటే, నాచ్ తగ్గించడం, అంటే ఇంజిను పవరు ఒక మెట్టు దించడం. ఇక్కడా అంతే. వెనక జారిందా, వెంటనే యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యి, అన్నాడు.

జారింది. తీశాను. కారు గిర్రున తిరిగి వచ్చిన దారి వైపు చూస్తూ ఆగింది. మళ్ళీ. మళ్ళీ. వాచ్‌మన్ గొడుగు కింద కూర్చుని, బిటియా గోల్ గోల్ ఘూమథే, పిల్ల గుండ్రంగా తిరుగుతోంది, అని ఎవరికో చెప్తున్నాడు.

30 జూన్, మంగళవారం

పుస్తకంలో ఆ పేజీ వచ్చింది. జారుతున్నప్పుడు కాలు తియ్యకూడదు. తీస్తే బరువంతా ముందుకి పడి, వెనక తేలికై, కారు తిరిగిపోతుంది. కాలు అలాగే ఉంచి, ఎటు జారుతోందో అటే స్టీరింగు తిప్పాలి.

అంటే మామయ్య చెప్పేది తప్పు.

పట్టాల మీద అది ఒప్పే. ఇంజినుకి స్టీరింగు లేదు.

చెప్పలేదు. ఉద్యోగం పోయిన డ్రైవరుకి డ్రైవింగు తెలియదని ఎలా చెప్పను. పేజీలో కాగితం పెట్టి మూసేశాను.

1 జూలై

ఐదు సార్లు తిరిగిపోయింది.

4 జూలై, శనివారం

పొద్దున్న లైబ్రరీకి వెళ్ళే ముందు గంటసేపు. పదకొండు సార్లు. ఒకసారి మామయ్యకి తెలియకుండా కాలు కొంచెం ఉంచాను. కారు పక్కకి జారుతూ, జారుతూ, డబ్బా చుట్టూ తిరిగింది. మామయ్య, అచ్ఛా, ఇప్పుడు బాగా తీసినావు, అన్నాడు. నేను తలూపాను.

ఆ తర్వాత మళ్ళీ తీశాను. మళ్ళీ తిరిగింది. ఆయన మాట ప్రకారం నడిపి తిరిగిపోవడమే మర్యాద అనిపించింది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

9 జూలై, గురువారం

మామయ్య అప్పలస్వామి మామని పిలిచి కారు తీసుకుపొమ్మన్నాడు. నాకు తోలడమే కాదురా, నేర్పడం కూడా పోయింది, అన్నాడు. తిరిగి మంచమెక్కాడు. పట్టపగలు, చొక్కాతోనే.

అత్త వండిన అన్నం మీద మూత పెట్టేసింది.

పుస్తకం తీసుకుని మంచం పక్కన నిలబడ్డాను. ఆ పేజీ తెలుగులో చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. మామయ్య, ఇంకోసారి సదువు, అన్నాడు. చెప్పాను. ఈ సంగతి ఎప్పుడు తెలుసు నీకు, అని అడిగాడు. తొమ్మిది రోజుల కిందట, అన్నాను.

గోడ వైపు తిరిగాడు.

10 జూలై

మామయ్య మంచం దిగలేదు. అన్నం వద్దన్నాడు.

11 జూలై, శనివారం

పొద్దున్నే నన్ను వరండాలోకి పిలిచాడు. సోఫా మీద కూర్చోమన్నాడు. ఆయన నిలబడే ఉన్నాడు.

నాకు తెలియని సంగతి చెప్పాడు. కన్ను పాడైనట్టు డాక్టరు కంటే ముందు కనిపెట్టింది అసిస్టెంటు రాజేంద్ర. ఇంజినులో ఒక రివాజు ఉంది. సిగ్నలు కనపడగానే అసిస్టెంటు పైకి చెప్పాలి, డ్రైవరు తిరిగి చెప్పాలి. ఆ రోజు మామయ్య పచ్చ అన్నాడు. రాజేంద్ర ఎరుపు అన్నాడు. పాతికేళ్ళవాడు, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. గురూజీ ఎరుపు, ఎరుపు అని అరిచాడట. మామయ్య బ్రేకు వేశాడు. సిగ్నలు అవతల పట్టాల మీద పనిచేస్తూ గ్యాంగు వాళ్ళు పన్నెండు మంది ఉన్నారు.

ఆడు నాకు మర్యాద ఇచ్చి నోరు మూసుకునుంటే ఏటయ్యేది, అన్నాడు. తొమ్మిది రోజులు సిగ్నలు చూసి నోరు మూసుకున్నావు, నాను తప్పు చెప్పినందుకు కాదు నాకు కోపం, అన్నాడు.

నేను ఏడ్చాను. అత్త లోపల్నించి, గుంటని ఏడిపించకండి, దానికి నోరుంటే ఈపాటికి మనిద్దర్నీ మింగేసును, అంది. మామయ్యకి నవ్వాగలేదు.

రాజేంద్రకి ఇంకా కృతజ్ఞత చెప్పలేదట. ఆ కుర్రాడికి మొహం చూపించడం ఇష్టంలేకే నాలుగు నెలలు గడప దాటలేదేమో అనిపించింది. అడగలేదు. ఈసారి అడగకపోవడం తప్పు కాదు.

12 జూలై, ఆదివారం

కొత్త రూలు. చేసే ప్రతి పనీ నేను పైకి చెప్పాలి, ఆయన తిరిగి చెప్తాడు. కుడి. కుడి. జారింది. జారింది. కాలుంచాను. ఉంచినావు.

మొదటి అరగంట సిమెంటు కళ్ళం మీద నా గొంతు నాకు రాలేదు. వినపడలేదు, వినపడలేదు, అంటూనే ఉన్నాడు. చివరికి అరిచాను. రైస్ మిల్లు రేకుల మీంచి పావురాలు లేచాయి. కాన్వెంటులో సిస్టర్ వింటే మోకాళ్ళ మీద నిలబెట్టేది.

నాలుగు డబ్బాల్లో మూడింటి చుట్టూ జారాను.

19 జూలై, ఆదివారం

నాలుగూ.

26 జూలై, ఆదివారం, సాయంత్రం

పద్నాలుగు కార్లు. మాది పదకొండోది. చుట్టూ జీపులూ గొడుగులూ. మైకులో నా పేరు చదివి, లేడీ డ్రైవర్ అన్నారు, అందరూ తిరిగి చూశారు. మామయ్య నా పట్టీ తనే బిగించి ఎడమ సీట్లో కూర్చున్నాడు.

మొదటి డ్రమ్ము. కుడి అన్నాను. కుడి అన్నాడు. వెనక జారింది, ఆగింది, బాగానే తిరిగింది. రెండోది తగిలి పడిపోయింది. మూడో దాని దగ్గర నీళ్ళు నిలిచి ఉన్నాయి. కారు ఒక్కసారిగా చాలా పక్కకి పోయింది, ముందు అద్దంలో జనం కనపడ్డారు. నా కాలు లేవబోయింది. కిందికి చూశాను. మామయ్య కుడి కాలు కూడా లేచింది, అక్కడ పెడల్ లేకపోయినా. ఇరవై రెండేళ్ళ అలవాటు. ఆయన తన కాలుని రెండు చేతులతో మోకాలి మీద పట్టి నేలకి నొక్కి, తియ్యకు గుంటా, తియ్యకు, అన్నాడు.

తియ్యలేదు.

కారు జారుతూనే ఉంది. చాలాసేపు. ఏమీ వినపడలేదు. తర్వాత ముందు భాగం నెమ్మదిగా నాలుగో డ్రమ్ము వైపు తిరిగింది, తనే చూసుకున్నట్టు.

పదో స్థానం. ఫియట్‌లలో మొదటిదట, ఉన్నవి రెండే. అప్పలస్వామి మామ అందరికీ ఇరుసు చూపించాడు, నేల మీద పడుకుని మరీ. జనంలోంచి రాజేంద్ర వచ్చాడు. మామయ్య పిలిపించాడట. ఇద్దరూ కారు వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు రాజేంద్ర హెల్మెట్లు రెండూ తనే మోశాడు.

ఇంట్లో అత్త బీరువా తెరిచి చీరల కిందనుంచి ఆర్డరు తీసింది. ఎవరూ అడగలేదు.

3 ఆగస్టు, సోమవారం

కర్గీ రోడ్‌కి నేనే తీసుకెళ్ళాను. కదిలే బండిలో మామయ్య ఎప్పుడూ కన్ను మూయడని అత్త అంటుంది.

ఆ స్టేషనున్న కోటా ఊరు రాకముందే నిద్రపోయాడు. స్టేషను ముందు బండి ఆపాను. డ్యూటీ టైముకి ఇంకా పది నిమిషాలుంది. లేపలేదు.