పెద్దోన్ని తోడుకొని రావద్దు

జమ్మలమడుగు తాలూకా, మన ఊరు

చిరంజీవి సౌభాగ్యవతి లక్ష్మీదేవికి నాయన కృష్ణయ్య దీవించి రాయునది. ఇక్కడ నేను, మీ అమ్మ, గొర్రెలు అందరమూ క్షేమం.

మీ అమ్మ నీ పురుడు చూసుకొని ప్రొద్దుటూరు నుంచి నిన్ననే ఇల్లు చేరింది. చేరినప్పటి నుంచి వీధివీధికీ పోయి మనవరాలి ముక్కు గురించి చెప్తాంది. ఆ ముక్కు అచ్చం నాదంట. పాపం, ఆడపిల్ల.

వచ్చే పున్నమికి చిన్నదాన్ని మన ఇంట్లోనే తొట్టెలలో వేయాల. నువ్వు దాన్ని ఎత్తుకొని ముందుగానే వచ్చేయి. పెద్దోడు చెన్నకేశవను మాత్రం ఇప్పుడే తోడుకొని రావద్దు. మీ అత్త దగ్గర ఉండనీ. ఎందుకని అడగొద్దు.

ఇట్లు,
మీ నాయన

తా.క. పంచాయతీ ఎలక్షన్లు వస్తాండాయి గదా, పైవీధి పెద్దాయన, కిందివీధి పెద్దాయన ఇద్దరూ తొట్టెల పండగకు వస్తామని కబురు పంపినారు. ఇద్దరినీ రమ్మన్నాను. ఒకే పంక్తిలో ఎట్ల కూర్చోబెట్టాలో మీ అమ్మ ఆలోచిస్తాంది.

ప్రొద్దుటూరు

నాయనకు లక్ష్మీదేవి నమస్కరించి రాయునది. ఇక్కడ క్షేమమని రాద్దామనుకున్నాను. నీ ఉత్తరం చదివినాక క్షేమంగా లేను.

పెద్దోన్ని తేవద్దా? వాడేం పాపం చేసినాడు? పుట్టినప్పటి నుంచి వాని కాళ్లు బిగుసుకొని ఉన్నాయి, నిజమే. మూడేండ్లు నిండినా నిలబడడన్నారు. ఇప్పుడు కాళ్లకు ఇనుప పట్టీలు కట్టించుకొని, వెల్డింగు హుమాయున్ చేసిచ్చిన చక్రాల బండి పట్టుకొని మా గడప నుంచి ఖాతూన్‌బీ అంగడి దాకా ఒక్కడే పోతాడు. పోయి ఊరికే రాడు, బెల్లం ముక్క పెట్టించుకొని వస్తాడు. ఎవరన్నా ఎత్తుకోబోతే "దించు, నేనే పోతా" అని గొంతు చించుకుంటాడు. చెల్లెలు ఏడిస్తే మంచం ఊపేది కూడా వాడే. ఆ ఊపుకు అది ఇంకా ఏడుస్తుంది, అది వేరే సంగతి.

ఇదంతా అమ్మ కండ్లారా చూసింది. అయినా నలుగురిలో నీకు నామోషీ అయితే ఆ మాటే చెప్పు. అన్న రాని ఇంటికి చెల్లెలు రాదు. నేనూ రాను.

ఇట్లు,
ఇద్దరు బిడ్డల తల్లి

తా.క. తాత ఊరికి పోదామని వాడు బండి చక్రాలకు కొబ్బరినూనె పూసి పెట్టుకున్నాడు. ఆ నూనె నా తలకు ఉంచుకున్నది.

జమ్మలమడుగు

కోపమొచ్చిన బిడ్డకు నాయన దీవెనలు.

నీ ఉత్తరం తెచ్చిచ్చి పోస్టు సీతాపతయ్య "కూతురు శానా మాటలన్నాది గదప్పా" అన్నాడు. నేనింకా విప్పనే లేదు. అందుకే ఇది నేనే జమ్మలమడుగుకు వచ్చి డబ్బాలో వేస్తాండాను. విడమరిచి రాస్తే నువ్వు తిరిగి ఏదో ఒకటి రాస్తావు, అది ఆయన చదువుతాడు.

ఇంత మాత్రం తెలుసుకో. పైవీధోళ్లు ఒక ట్రాక్టరు, కిందివీధోళ్లు ఒక ట్రాక్టరు సరుకు మన దొడ్లో దించినారు. ఒకరి సంగతి ఒకరికి తెలీదు. తెలిస్తే నా పని అయిపోతాది. పట్టలు కప్పి, గొర్రెల్ని అడ్డంగా కట్టేసినాను. పున్నమిలోగా పని జరిగిపోతాది. అంతవరకు పిల్లోడు ఈడ ఉండకూడదు.

ఇట్లు,
మీ నాయన

తా.క. మీ అమ్మకు కూడా చెప్పలేదు. చెప్తే ఇంక సీతాపతయ్యతో పనిలేదు.

ప్రొద్దుటూరు

నాయనా, నీ కాళ్లకు మొక్కుతాను.

ఏం సరుకు అది? ఇంత వయసొచ్చి పార్టీల్లో చేరినావా? ఒక పార్టీ చాలక రెండిట్లోనూ చేరినావా? మన సీమలో దొడ్లో పట్ట కప్పినారంటే దాని కింద ఏముంటుందో చంటిపిల్లకు కూడా తెలుసు. నువ్వు బీడీ అంటించుకోవాలన్నా చేను దాకా పోయి అంటించుకో, నిప్పురవ్వ పడితే ఇల్లే లేచిపోతుంది.

నీ ఉత్తరం మీ అల్లునికి చూపించినాను. మీ అల్లుడు పులివెందుల బస్సులో కండక్టరు గదా, ఆ బస్సెక్కే మన ఊరి ఎస్సై కాళ్లావేళ్లా పడి చెప్పొచ్చినాడు. మా మామ అమాయకుడు, ఎవరో ఆయన దొడ్లో దాచిపెట్టినారని చెప్పినాడంట. పిల్లోని ప్రాణానికే నువ్వు భయపడినావు. నామోషీ అని రాసినందుకు నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

ఇట్లు,
నీ బిడ్డ

తా.క. ఆ గొర్రెల్నన్నా విప్పేయి నాయనా. అవి ఏ పార్టీ?

మన ఊరు

పిచ్చితల్లికి నాయన దీవించి రాయునది. నేను ఇంట్లోనే ఉన్నాను, స్టేషన్లో లేను.

నీ ఉత్తరాన్ని సీతాపతయ్య గడప తొక్కకుండా వీధిలోనుంచే విసిరేసి పోయినాడు. ఆ వెనకనే పోలీసు జీపు వచ్చింది. ఇద్దరు పెద్దాయనలూ మందితో సహా వచ్చి దూరంగా నిలబడినారు. కానిస్టేబుల్ కండ్లు మూసుకొని కర్రతో పట్ట ఎత్తినాడు. ఒక పట్ట కింద సిమెంటు మూటలు. ఇంకొక పట్ట కింద ఇసుక.

"ఏందప్పా ఇది?" అన్నాడు ఎస్సై. ఇంక చెప్పక తప్పలేదు. మనవడు నడుస్తాండాడని మీ అమ్మ వచ్చి చెప్పింది. చెప్పి, "మన సందులో రాళ్లకు వాని బండి పోదు, ఎత్తుకొనే రావాల" అనింది. నాకు ఆ మాట పట్టుకుంది. అంత కష్టపడి నడక నేర్చుకున్నోడు తాత ఇంటికి ఒకరి సంకనెక్కి వచ్చేదేంది? అందుకే ఒకరిని సిమెంటు అడిగినాను, ఇంకొకరిని ఇసుక అడిగినాను. మన బంధువుల ఓట్లున్నాయి గదా, ఇద్దరూ ఇచ్చినారు.

ఎదుటోడు కూడా ఇచ్చినాడని తెలిసి ఇద్దరూ నన్ను నమిలి మింగేట్టు చూసినారు. కానీ ఎస్సై మళ్లీ అడిగితే "పిల్లోనికి రోడ్డు సార్" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. వాళ్లు ఒకే మాట మీద ఉన్నది ఈ ఊరు పుట్టినాక అదే మొదలు.

మర్నాడే సరుకు చెరిసగం పంచుకొని, పైవీధోళ్లు బస్సు రోడ్డు నుంచి పోసుకుంటూ వచ్చినారు. కిందివీధోళ్లు మన గడప నుంచి పోసుకుంటూ పోయినారు. రోడ్డు ఆరింది. ఇంక పెద్దోన్ని తోడుకొని రా. బస్సు దిగినాక వాడు ముందు నడవాల, చిన్నదాన్ని ఎత్తుకొని మీరు వెనక రావాల. నామోషీ అన్నావు గదమ్మా, మన వంశంలో నిలబడేదానికి కష్టపడినోడు వాడొక్కడే. మేమంతా ఊరికే నిలబడినాము. ఊరు ఊరంతా వాన్ని చూడాలని నాకు శానా ఆశగా ఉంది.

ఇట్లు,
చెన్నకేశవ తాత

తా.క. రెండు రోడ్లూ కలిసే కాడ మూరెడు ఖాళీ మిగిలింది. మేము పోస్తే వాళ్లతో కలిసినట్టు అవుతుందని ఇద్దరూ వదిలేసినారు. అది నేను, మీ అమ్మ కలిపి పూసినాము. గొర్రెలు కాసినోని చెయ్యి, చదునుగా రాలేదు. ఆడ కొంచెం మెల్లగా రమ్మని చెప్పు. నేను ఆడనే నిలబడి ఉంటాను. ఎత్తుకోనులే, చూస్తా ఉంటాను.