కోసేసిన వల మూల

చిన్నోడికి అక్క దీవెనలు. అమ్మా నేనూ కులాసా. నీ వర్క్‌షాపు, నీ గది, గదిలో గురక పెట్టే నీ స్నేహితుడు, అందరూ క్షేమమే అనుకుంటాను.

నీ ఉత్తరం అందింది. జవాబు రాద్దామని కాపలా గదిలో కూర్చున్నాను గానీ కుదురుగా ఉంటే కదా! ఈ మాత్రం రాసేలోపే రెండుసార్లు లేచి కిటికీలోంచి నదిని చూసొచ్చాను. ఫోన్ చేద్దామని తీసి మళ్ళీ పెట్టేశాను. ఫోన్‌లో నువ్వు నవ్వించేస్తావు, నేను మాట మార్చేస్తాను. అందుకే కాగితం.

అమ్మ మోకాలి సంగతి అడిగావు. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. ఈవిడ రోజుకు నాలుగుసార్లు మేడ మీదికెళ్తోంది. "అదేంటమ్మా?" అంటే, "మెట్లెక్కొద్దన్నాడు గానీ బట్టలారేయొద్దన్నాడా?" అంటుంది. నోరు మాత్రం నిక్షేపంలా ఉంది, బెంగపెట్టుకోకు.

నా ఉద్యోగం ఎలా ఉందన్నావు. చేపలు గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కే నెలలు కదా ఇవి. ఈ రెండు నెలలూ ఎవరూ వల వేయకూడదు. గేలం వేసుకోవచ్చు, అదీ మనిషికి ఒక్కటే. పట్టిన చేప నా కొలతపలక కంటే పొట్టిగా ఉంటే తిరిగి నీళ్ళలో వదలాలి. మొన్న మన వీధి దర్జీ ఓ పిల్లచేపను పలక మీద పెట్టి తోక పట్టుకు లాగుతున్నాడు. "ఏం మావయ్యా, సాగుతోందా?" అన్నాను. "తడిసి కాస్త కుదించుకుపోయిందమ్మా," అన్నాడు! చేపను నీళ్ళలో వదిలించి, ఆయన్ని మందలించి వదిలాను.

ఇక నీ మూడో ప్రశ్న. "ఈ మధ్య వలలేమైనా దొరికాయా అక్కా?" నేను ఈ కాపలా ఉద్యోగంలో చేరి ఆరేళ్ళయింది. ఆరేళ్ళలో నా పని గురించి నువ్వు అడిగింది ఒక్కటే, ఆ యూనిఫాం టోపీ నీకిస్తానా అని.

దొరికిందిరా. సెలవైపోయి నువ్వు టీ కూడా తాగకుండా మొదటి బస్సెక్కావే, ఆ గురువారం తెల్లవారుజామునే దొరికింది. వంతెన కింద, మోకాలి లోతు నీళ్ళలో, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కట్టేసి ఉంది. పంతొమ్మిది చేపలు. ప్రాణంతో ఉన్న పన్నెండింటిని విడదీసి వదిలాను. ఏడు చచ్చిపోయాయి. ఏడింటి కడుపులోనూ గుడ్లే, పట్టుకుంటే నా వేళ్ళ మధ్య నుంచి కారిపోయాయి. ఏడుపొచ్చింది. ఈ పని చేసినవాడెవడైనా సరే, వాడి చెయ్యి విరగ్గొట్టాలనిపించింది.

ఆఫీసులో ఆ వలను మా ఆఫీసరు బల్ల మీద పరిచాడు. లైసెన్సున్న వలకు ఒక మూలన నంబరు బిళ్ళ కట్టి ఉంటుంది, నీకు తెలిసిందే. ఈ వలకు ఆ మూలే లేదు. జానెడు ముక్క కత్తితో కోసేసి ఉంది. ఆఫీసరు ముఖం వెలిగిపోయింది. "చూశావా, దొరక్కూడదని బిళ్ళ కోసేశాడు! ఇక్కడ వల లైసెన్సు ఉన్నది ఒక్కడికే," అన్నాడు.

ఆ ఒక్కడు మన పడవ బాబాయి. నీకు ఈత నేర్పినవాడు. పిలిపించారు. "నా వల మా వసారాలో వేలాడుతోంది బాబూ, బిళ్ళతో సహా. వచ్చి చూసుకోండి," అన్నాడు. "రెండో వల ఉండకూడదా?" అన్నాడు ఆఫీసరు. బాబాయి నా వైపు తిరిగి, "నువ్వయినా చెప్పమ్మా. గుడ్ల చేపల మీద వల వేసే మనిషినా నేను?" అన్నాడు. నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ఆఫీసరు కేసు కాగితం జరిపితే సంతకం పెట్టాను.

వచ్చే సోమవారం విచారణ. నేరం రుజువైతే ఆయన లైసెన్సు శాశ్వతంగా పోతుంది, పడవనూ పట్టుకుపోతారు. ఆయనకు ఇంకో పని రాదు. నిన్న అటుగా వస్తుంటే పడవకు తారు పూస్తున్నాడు. పోతుందని తెలిసి కూడా పూస్తున్నాడు. "టీ తాగి వెళ్ళమ్మా," అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఇక్కడ ఆపి, బయట గట్టు మీద కాసేపు తిరిగొచ్చాను. ఇంక తిరిగి లాభం లేదు, చెప్పేస్తాను. ఆ మూల కోసింది నేనేరా.

చేపలను విడదీస్తుంటే, మూలన ఓ పాత చిరుగుకు వేసిన కొత్త ముడి తగిలింది. కళ్ళకంటే ముందు నా వేళ్ళకే తెలిసింది. ఎడమకు తిప్పి, రెండు మెలికలు వేసి, కొసను లోపలికి తోసేసిన ముడి. నాన్నది ఎడమచేతివాటం. పోయేలోపు ఆ ముడి ఆయన ఇద్దరికే నేర్పాడు. మా పడవ నడిపే అతను ఇంకా అవతల పడవ కట్టేస్తున్నాడు. కత్తి తీసి, ముడి ఉన్నంత మేర కోసి జేబులో వేసుకున్నాను. కోయకుండా ఉంటే అది బిళ్ళ లేని దొంగ వలే అయ్యేది, బాబాయి ఊసే వచ్చేది కాదు. ఆరేళ్ళుగా వల దొరికితే ముందు మూలే చూసేదాన్ని, ఆ మూల కోస్తే ఏమనుకుంటారో నాకే తట్టలేదు చూడు. నిన్ను దాచబోయి ఆయన్ని పట్టించాను.

ఇంటికొచ్చి అటక మీద చూశాను. నాన్న వల మూట లేదు. అమ్మనడిగితే, "చిన్నోడు ఎండలో పెడతానని దించాడే. వాళ్ళ వర్క్‌షాపులో అందరికీ మన చేపల రుచి చూపిస్తాట్ట," అంది మురిసిపోతూ. అంతకుమించి ఆవిడకేం తెలియదు. తెల్లారి నా పడవ చప్పుడు విని వల వదిలేసి పరుగెత్తి ఉంటావు. కాదని రాయగలిగితే రాయి.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఆ మాటే చెప్పుకుని పన్నెండు రోజులు నోరు మూసుకున్నాను. నీ మీద కోపంగా ఉంది, దాచను. కానీ కంచే చేను మేస్తే ఎవరిని తిట్టాలి? ఆ ముడి ఇంకొకరి తమ్ముడిదైతే కోసేదాన్నా? నేరుగా తీసుకెళ్ళి బల్ల మీద పెట్టేదాన్ని.

సోమవారం అదే చేస్తాను. ఆ ముక్క బల్ల మీద పెట్టి, కోసింది నేనని చెబుతాను. ఉద్యోగం పోతే పోనీ, అమ్మా నేనూ ఎలాగో బతుకుతాం. "ముడి ఎవరిది?" అని తప్పకుండా అడుగుతారు. "మా నాన్న ముడి. ఇద్దరికే వచ్చు. నేను వేయలేదు," అంటాను. ఆ తర్వాతి మాట నాతో చెప్పించకురా.

విచారణ పదింటికి. మీ వైపు నుంచి మొదటి బస్సు ఎనిమిదిన్నరకే వచ్చేస్తుంది. బస్టాండులో ఉంటాను.

ఇట్లు,
నాన్న దగ్గర నీ పక్కనే కూర్చుని ఆ ముడి నేర్చుకున్న
నీ అక్క