కాలువలో తేట నీళ్లు

సుశీలా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. ఈ ఉదయం మార్టూరు పక్కన మన ఊరి కాలువలో తేట నీళ్లు పారాయి. ఈ సంగతి ముందు నీకే చెప్పాలనిపించింది.

గ్రానైటు పాలిషింగు యూనిట్ల రాతి బురద కాలువలో కలవకూడదని నువ్వు ఏళ్ల తరబడి పోరాడావు. రైతులకీ, యజమానులకీ మన బడిలో చెప్పే సైన్సు పాఠమే చెప్పేదానివి. చివర్లో ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని, "ఎవరికి పట్టే మాట వాళ్లకి చెప్పలేకపోయానే. నువ్వు చెప్పవే" అన్నావు.

నేను నలుగురిలో నోరు విప్పని తెలుగు టీచర్ని. అయినా వెళ్లాను. ఆ బురదని ఎండబెట్టి, రాయిలా గట్టిపడిన పెళ్లని రైతుల చేతుల్లో పెట్టాను. "మీ మిరప వేరు దీంట్లో దిగుతుందా?" అని అడిగాను. మర్నాడు ఊళ్లో సగంమంది నా వెంట యూనిట్ల దగ్గరికి వచ్చారు.

యజమానుల ముందు మాత్రం మిరప మాటే ఎత్తలేదు. "వేసవిలో నీళ్ల ట్యాంకర్ల కోసం ఎదురుచూస్తారు కదండీ. బురదని తొట్లలో నిలబెడితే, పైన తేరిన నీళ్లు మళ్లీ రాయి కోతకే వస్తాయి" అన్నాను. అందరికంటే ముందు వెంకట్రావు గారు తొట్లు కట్టించారు. చూసి మిగతావాళ్లూ కట్టారు. ఒకప్పుడు నిన్ను గేటు బయటికి పంపింది ఆ వెంకట్రావు గారే.

ఈరోజు కాలువగట్టు మీద మీటింగు పెడితే, "కాలువ పాడుచెయ్యకూడదని నేనెప్పట్నుంచో అంటున్నానండీ" అన్నారాయన మైకులో. నువ్వుంటే ఊరుకునేదానివి కాదు. నేను మాత్రం అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను.

భారతి