వెనక్కి వస్తూ చూసింది

జూన్ 4
వికారాబాద్‌లో ఎండోస్కోపీ శిక్షణ మొదలు. మనిషికి బదులు బొమ్మ, పక్కన తెర. బొమ్మ నోట్లోంచి కెమెరా గొట్టం దింపితే తెర మీద కడుపు కనిపిస్తుంది. గొట్టంలోంచి కడుపులోకి వదిలే గాలి ఎక్కువైతే బొమ్మ మూలుగుతుంది. అందరికంటే ముందు ముగించాను. మార్కుల్లో అందరికంటే కింద.
నేర్పే సుజాత మేడమ్ — "గంత ఉరుకుడెందుకు నస్రీన్? చూసుకుంట రావాలె గదా."
సాయంత్రం దాకా మూతి ముడుచుకునే ఉన్నాను.

జూన్ 5
తెరంతా ఎర్రగా అయిందంటే కెమెరా గోడకు ఆనుకున్నట్టు. వెనక్కి లాగాలి. నేను ఇంకా తోస్తాను... పుట్టుకతో వచ్చిన బుద్ధి.

జూన్ 9
తాండూరు దాకా రైల్లో నిలబడే వచ్చాను. అమ్మీ నవ్వుతోంది — బొమ్మ కడుపు చూడటానికి ఇంత చదువా అని. నవ్వనీ. మా ఆసుపత్రిలో ఎండోస్కోపీ యంత్రం కవరు కూడా విప్పకుండా ఉంది, వాడటం వచ్చిన డాక్టరు లేక. వచ్చినవాళ్లందరినీ హైదరాబాద్ పొమ్మంటున్నాం. పాసైతే ఆ యంత్రం ఉన్న గది నాది. నాకే కావాలి.

జూన్ 17
ఈ రోజు వెనక్కి వచ్చేటప్పుడు చూశాను. నెమ్మదిగా. గొట్టం కొనను వంచి, దిగేటప్పుడు కనిపించని పైభాగం కూడా. బొమ్మ ఒక్కసారీ మూలగలేదు.

జూన్ 24
పాస్. పాస్. పాస్.

జూలై 2
తాండూరు. మా గది. మొదటి మనిషి — బంట్వారం మల్లయ్య, కంది రైతు. కొన్నాళ్లుగా అన్నం సయించడం లేదు. గొట్టం చూసి "జర మెల్లగ, బిడ్డా" అన్నాడు. పర్యవేక్షణకు మేడమ్ వచ్చారు.
దిగేటప్పుడు ఏమీ లేదు. "మంచిగనే ఉన్నది, తీసెయ్" అన్నారు మేడమ్. తీయలేదు. కొన వంచి పైకి చూశాను... చిన్న పుండు, అంచులు ఎత్తుగా.
మేడమ్ తెర దగ్గరికి జరిగారు. "నేను దాటిపోతుంటి. పరీక్షకు ముక్క తియ్, నువ్వే."
తీశాను. తర్వాత బాత్రూంలోకి వెళ్లి పిచ్చిదానిలా నవ్వుకున్నాను. ఇంత సంతోషం ఎంబీబీఎస్ సీటు వచ్చినప్పుడు కూడా లేదు.

జూలై 3
అమ్మీ వీధంతా చెప్పుకుంటోంది. ఆపలేదు.

జూలై 7
ఈ రోజూ ఇద్దరికి చేశాను, ఒక్కదాన్నే. ఎవరినీ హైదరాబాద్ పంపలేదు.
మల్లయ్య ముక్క ల్యాబుకు పోయింది, రిపోర్టు రాలేదు. ఆయన కూతురు ఫోన్ — "నాయన మందులతోని జర తింటుండు డాక్టరమ్మా. ఫికరేం లేదు గదా?"
రిపోర్టు రానీ అన్నాను.
ఆ పుండు దొరకబట్టినందుకే నాకింత గర్వం. అది క్యాన్సర్ కాక ఉత్త పుండే అయితే బాగుండు... ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నాను.